దీనమ్మ పెద్దమ్మ పరగడుపులు

పోయిన నెల నేనే స్కానింగ్ బల్ల మీద పడుకున్నాను. జీవితమంతా ఆ బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళ కడుపులు చూసి నా కడుపు నింపుకున్నదాన్ని. ఒక్కసారైనా పైకెక్కకుండా రిటైరైపోతే బాగుండదని నా ఒళ్ళే అనుకుందో ఏమో, అన్నం తిన్న ప్రతిసారీ కుడి డొక్క కింద ఎవరో గిల్లినట్టు మొదలైంది. ల్యాబులో స్కానింగ్ చేసే అమ్మాయికి ఇరవై రెండేళ్ళుంటాయి. నేను ఆ పని చేసినదాన్నని చెప్పలేదు. చెబితే దాని చెయ్యి వణుకుతుంది. వణికే చెయ్యి ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. "పరగడుపునే వచ్చారా ఆంటీ?" అని అడిగింది. వచ్చానన్నాను. ఆ ఒక్క మాటకే నా ముక్కుకు కొబ్బరినూనె వాసన తగిలింది. ఆ గదిలో కొబ్బరినూనె లేదు. నలభై ఏళ్ళ కిందటి వాసన అది.

ఎనభైల నడుమ, గుంటూరులో స్కానింగ్ మిషన్లను ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగిన రోజుల్లో, ఒక మిషన్ ఉన్న డాక్టరు గారి దగ్గర నన్ను పనికి పెట్టారు. పెట్టింది మా నాన్న. పొదిలిలో మిషన్ స్కూలు టీచరు. ఆయన జీవితమంతా మిషన్ స్కూల్లో చెప్పాడు కాబట్టి కూతురికి కూడా ఒక మిషన్ చూపించడం ఆయన ధర్మం అనుకున్నాను. నేను మెడిసిన్ సీటు కోసం రెండుసార్లు పరీక్ష రాసి రెండుసార్లూ తప్పినదాన్ని. డాక్టరయ్యే యోగం లేకపోయినా డాక్టరు పక్కన కూర్చునే యోగమైనా ఉండాలని ఆయన ఆశ. అప్పట్లో ఈ పనికి కాలేజీ అంటూ ఏమీ లేదు. చూసి నేర్చుకోవడమే. డాక్టరు గారు సంతకం పెట్టిన ఉత్తరమే డిగ్రీ. ఏడాది లోపల చెయ్యి కుదరకపోతే పొదిలి బస్సెక్కించేస్తానని ఆయన మొదటి రోజే చెప్పారు. పిత్తాశయం, మూత్రాశయం, గర్భాశయం, ఇన్ని ఆశయాలు మనిషి లోపల ఉంటాయని ఆ గదిలోనే తెలిసింది. నాకున్న ఆశయం మాత్రం ఒక్కటే. ఆ బస్సు ఎక్కకూడదు.

మిషన్ బీరువా అంత ఉండేది. దాని కోసం ఆ గదికి ఏసీ పెట్టించారు. ఆసుపత్రిలో రోగులకు ఫ్యానే, మిషన్‌కు మాత్రం ఏసీ. పొదిలి ఎండలో పుట్టినదాన్ని, మొదటి వారమంతా పళ్ళు కొరుక్కుంటూ వణికాను. డాక్టరు గారు అది భయం అనుకుని సంతోషించారు. ఆయన మిరప, పత్తి పండించే ఇంటినుంచి వచ్చినాయన. గొంతు పొలంగట్టు మీది గొంతు. "ఏమ్మా విమలా, అదేంటి?" అనేవారు తెర మీద వేలు పెట్టి. "లివరండి" అనేదాన్ని. "లివరా? కిడ్నీ తల్లీ అది! మీ పొదిలిలో నీళ్ళు లేక కిడ్నీలు కూడా ఎండిపోయి లివర్లయ్యాయా?" అనేవారు. గోడ అవతల వరసలో కూర్చున్న రోగులందరికీ వినిపించేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. తర్వాత నా చేతి కిందకే రావాలని తెలిసి నవ్వు ఆపేవాళ్ళు.

నేర్చుకోవడానికి ఒక శరీరం కావాలి. డబ్బిచ్చి వచ్చిన రోగి మీద చెయ్యి తిప్పనివ్వరు. అందుకు దీనమ్మ పెద్దమ్మ ఉండేది. ఆసుపత్రిలో ఆయా. నల్లపాడులో ఒక గది, ఒక వసారా ఉన్న ఆమె ఇంట్లోనే నాకు బస కుదిర్చారు. భర్త జిన్నింగు మిల్లులో దూది పీల్చీ పీల్చీ పోయాడు. పిల్లలు లేరు. పేరు దీనమ్మే గానీ ఆమెలో దీనంగా ఉన్నది ఒక్క పేరే. నోరు విప్పితే వీధి చివర కుక్క కూడా తోక ముడిచేది. ఆదివారం గుళ్ళో మాత్రం అదే గొంతుతో పాట ఎత్తుకుంటే పాస్టరు గారు ప్రసంగం కుదించుకునేవారు.

పిత్తాశయం కనబడాలంటే పరగడుపున ఉండాలి. అన్నం తినగానే అది లోపలి పైత్యరసమంతా వదిలేసి ముడుచుకుపోతుంది. ఖాళీ సంచీని వెతుక్కోవడం నాలాంటి కొత్త చేతికి కుదరదు. అందుకని ప్రతిరోజూ పొద్దున్నే పెద్దమ్మ లేచి, పొయ్యి వెలిగించి, నాకు అన్నం వండి, రోట్లో పండుమిరప పచ్చడి ఇంకోసారి నూరి, నెయ్యి చుక్క వేసి పెట్టేది. తను తినేది కాదు. నేను పీట మీద కూర్చుని తింటుంటే, గడప మీద కూర్చుని జడ ముడేసుకుంటూ నా ముద్దలు చూసేది. "మెల్లగా తినవే, రైలేం పరిగెత్తదు" అనేది. తన భాగం కారేజీలో సర్దుకునేది. ఇద్దరం నల్లపాడు స్టేషన్లో పాసింజరు ఎక్కేవాళ్ళం. మిరపకాయల కాలంలో ఆ పెట్టెలో తుమ్మని మనిషి ఉండడు. ఓపీ మొదలవ్వకముందు నేను ఆమెను పడుకోబెట్టి చూడాలి. ఆ తర్వాత ఆమె వెనక కుళాయి దగ్గర నిలబడి కారేజీ విప్పుకోవాలి. ఒక్కోరోజు డాక్టరు గారు ఆలస్యంగా వచ్చేవారు, లేదా రోగులు తొందరపెట్టేవారు. "మధ్యాహ్నం చూద్దాంలే, దీనమ్మను అట్లాగే ఉండమను" అనేవారు. అట్లాగే ఉండేది. ఖాళీ కడుపుతో బెడ్‌పాన్లు మోసేది. "క్రీస్తు నలభై రోజులే ఉపవాసం ఉన్నాడే పిల్లా. నేను ఆయన్ని ఎప్పుడో దాటిపోయా" అనేది నాతో.

జెల్లు మద్రాసు నుంచి రావాలి. అది రోగులకు. నేర్చుకునేవాళ్ళకు కొబ్బరినూనె. అది రాసి, చేతిలోని ప్రోబు కుడి పక్కటెముకల కింద ఆనించి, "ఊపిరి తీసుకో పెద్దమ్మా, బిగబట్టు" అనాలి. అప్పుడు లివరు కిందికి దిగి, దాని వెనక పిత్తాశయం నల్లగా, దొండకాయలా కనబడుతుంది. నేను ఆ దొండకాయ కోసం వెతుకుతూ వెతుకుతూ, "వదులు" అని చెప్పడం మరిచిపోయేదాన్ని. ఆమె ముఖం కందిపోయేది. "ఒసే, వదలమని చెప్పవే, చస్తాను!" అని అరిచి ఒక్కసారిగా ఊపిరి వదిలేది. "వదిలేయొచ్చుగా పెద్దమ్మా, నేను చెప్పాలా?" అంటే, "నువ్వు చెప్పకుండా వదిలితే బొమ్మ చెడిపోతుందని ఆయన నిన్ను తిడతాడుగా" అనేది. ఇంకోసారి ముందురోజు సాయంత్రమంతా ఆమెతో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీసి, ఎంత కడిగినా పోని ఆ చేత్తోనే నూనె రాశాను. ఆమె బల్ల మీంచి ఎగిరి దూకింది. "నా కడుపు స్కానింగ్ చేస్తున్నావా, పచ్చడి చేస్తున్నావా?" అంది. ఆ రోజు డాక్టరు గారు కూడా నవ్వారు. ఆయన నవ్వింది నేను చూడటం అదే మొదలు.

క్రిస్మస్‌కు ముందు ఒక పొద్దున, ఆ నల్లటి దొండకాయ అడుగున ఒక తెల్లటి గింజ కనిపించింది. దాని వెనక తెర అడుగుదాకా, గడ్డిలో ఎవరో నడిచిపోయినట్టు, నల్లటి దారి. పుస్తకంలో చూసిన నీడ అచ్చం అట్లాగే ఉంటుంది. నా గుండె కొట్టుకున్న తీరు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. అది భయం కాదు, సంతోషం. నేనే కనిపెట్టాను! పెద్దమ్మ బయటికి వెళ్ళాక, తెర మీద ఆపి ఉంచిన బొమ్మను డాక్టరు గారికి చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. "మంచి రాయి. ఇంత శుభ్రమైన నీడ నేనూ ఎక్కువ చూడలేదు" అన్నారు. రిజిస్టరు తీశాను. తెలుగులో రాయి అన్నది వస్తువూ అవుతుంది, ఆజ్ఞా అవుతుంది. రాయి కనబడితే రాయి అన్నదే నేను నేర్చుకున్న మొదటి పాఠం. ఆయన రిజిస్టరు మూసేశారు. "నొప్పి లేని రాయి జోలికి పోకూడదు. పుస్తకంలోనే ఉంది, చూసుకో. చెబితే భయపడి తీయించేసుకుంటుంది. అప్పుడు నీకు రోజూ రాయి ఎక్కడినుంచి తెస్తాను? ఎప్పుడైనా నొప్పి అంటే చెప్పు, ఆలోచిద్దాం. గుర్తుందిగా, చూసేది నువ్వు, చెప్పేది నేను."

ఆయన అన్నది వైద్యంగా తప్పు కాదు. ఆ సంగతి నాకు ఎంతో హాయిగా తోచింది. ఆ రోజు నుంచి పెద్దమ్మ బల్ల మీద ఉండగానే ఆయన, "ఏమ్మా, మన ఫ్రెండ్ ఎలా ఉన్నాడు?" అని అడిగేవారు. "బాగున్నాడండి" అనేదాన్ని. సాయంత్రం రైల్లో పెద్దమ్మ నన్ను మోచేత్తో పొడిచేది. "ఎవరే ఆ ఫ్రెండు? ఆయనకి కూడా తెలిసిపోయిందా? మనవాళ్ళేనా? ఉద్యోగం ఉందా?" నేను నవ్వేదాన్ని. నవ్వడం కన్నా సులువైన పని ఆ రోజుల్లో నాకు ఇంకేదీ దొరకలేదు.

నొప్పి లేదనుకున్నది డాక్టరు గారు. నొప్పి ఉందని తెలిసింది నాకు ఒక్కదానికే. ఆసుపత్రిలో ఆమె మూలగడం ఎవరూ వినలేదు. పని మానేయమంటారని పళ్ళ బిగువున ఉండేది. ఇంటికి వచ్చి, రోజంతా ఎండిన కడుపులో ఇంత అన్నం, వేపుడు పడగానే, కుడి డొక్క పట్టుకుని గోడకు ఒరిగేది. "ఈ పాడు పచ్చడి మానాలే" అనేది. గుంటూరులో కడుపులో మంట జబ్బు కాదు, భోజనంలో చివరి వంటకం. ఎవరికి ఏ నొప్పి వచ్చినా నింద మిరపకాయ మీదికే పోతుంది, అది పాపం ఎర్రబడి ఊరుకుంటుంది. వాము నమిలేది, గోలీసోడా తాగేది. "కుడి రెక్క మీద కాస్త రుద్దవే, అక్కడికీ పాకుతోంది" అనేది. కొబ్బరినూనెతో రుద్దేదాన్ని. ఒక చేత్తో రుద్దుతూ, రెండో చేత్తో డాక్టరు గారిచ్చిన పుస్తకం పట్టుకుని చదువుకునేదాన్ని. పిత్తాశయంలో రాళ్ళున్నవాళ్ళకు నొప్పి కుడి భుజం రెక్కకు పాకుతుందని ఆ పుస్తకంలో ఉంది. ఆ వాక్యం కింద గీత కూడా గీసుకున్నాను. పరీక్షకు వస్తుందనిపిస్తే గీసే గీత అది. అదే రెక్కను రుద్దుతూ.

రాయి సంగతి డాక్టరు గారికి తెలుసు, నొప్పి సంగతి తెలియదు. నొప్పి సంగతి పెద్దమ్మకు తెలుసు, రాయి సంగతి తెలియదు. రెండూ తెలిసినదాన్ని నేను. ఇద్దరిలో ఎవరికి ఒక్క మాట చెప్పినా చాలు. చెప్పకపోవడానికి కారణం చీరాల. అక్కడ ఒక డాక్టరమ్మ గారు కొత్తగా మిషన్ కొంటున్నారు, దాని మీద పనిచేయడానికి ఆడపిల్ల కావాలంటున్నారు, ఒకరోజు వచ్చి నా పని చూసి తీసుకెళ్తారు అని డాక్టరు గారు చెప్పారు. "ఫ్రెండును చూపించు, చాలు. ఆవిడ అడ్డు చెప్పదు" అన్నారు. ఆ రోజు దాటనివ్వాలి, అంతే. ఆ రోజు దాటగానే చెప్పేస్తాను. అట్లా అనుకుంటూ క్రిస్మస్ దాటించాను, కొత్త సంవత్సరం దాటించాను. ఈస్టరుకు ముందు ఉపవాసాలుండే శ్రమదినాలు వచ్చాయి. పెద్దమ్మ దేవుడి కోసం సాయంత్రపు భోజనం కూడా మానేసింది. పొద్దున మాత్రం నా కోసమే.

డాక్టరమ్మ గారు రావడానికి ముందురోజు సాయంత్రం పెద్దమ్మకు వాంతులయ్యాయి. ఒళ్ళు కాలుతోంది. నేను తల పట్టుకున్నాను. తెరిపిన పడ్డాక నా వైపు చూసి అడిగింది. ఎప్పుడూ అడగలేదు, అదొక్కసారే.

"అమ్మాయ్, రోజూ చూస్తావుగా. లోపల ఏమన్నా ఉందంటావా?"

"ఏం లేదు పెద్దమ్మా" అన్నాను. "అరగక. మిరపకాయ."

"అంతేనా."

"అంతే."

"సరేలే, చదువుకున్నదానివి" అని అటు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున నాకు అన్నం వండి పెట్టింది. ఆమె తినాలనుకున్నా తినలేని స్థితిలోనే ఉంది కాబట్టి పరగడుపుకు లోటు రాలేదు. చీరాల డాక్టరమ్మ గారు జరీ అంచు నేతచీర కట్టుకుని, చల్లగా నవ్వుతూ నా వెనక నిలబడ్డారు. ఆ రోజు నాకు కూడా జెల్లు ఇచ్చారు. ప్రోబు ఆనించి, "ఊపిరి తీసుకో, బిగబట్టు" అన్నాను. తీసుకోబోయి పెద్దమ్మ మధ్యలో ఆగిపోయింది, నా చేతి కింద ఆ కడుపు చెక్కలా బిగుసుకుంది. ఆ లక్షణం గురించి కూడా పుస్తకంలో ఉంది. నేను ఇంకాస్త నొక్కాను. తెల్లటి గింజ అడుగున లేదు. మెడ దగ్గరికి చేరి ఇరుక్కుంది. చుట్టూ గోడ ఉబ్బింది. వెనక నీడ మాత్రం ఎప్పటిలాగే, చక్కగా, నల్లగా. వాళ్ళిద్దరి కళ్ళూ ఆ నీడ మీదే ఉన్నాయి.

"బ్యూటిఫుల్," అన్నారు డాక్టరమ్మ గారు. "గాల్ బ్లాడర్ స్టోన్. ఎన్నాళ్ళ నుంచి ఫాలో అవుతున్నారు?"

"క్రిస్మస్ ముందు నుంచి" అన్నారు డాక్టరు గారు గర్వంగా. "పిల్లే కనిపెట్టింది."

వాళ్ళు మాట్లాడింది ఇంగ్లీషులో. కానీ పెద్దమ్మ పద్దెనిమిదేళ్ళు ఆసుపత్రిలో గదులు తుడిచిన మనిషి. స్టోను అంటే ఏమిటో, క్రిస్మస్ ఎప్పుడు వస్తుందో ఆమెకు ఎవరూ అనువాదం చేసి పెట్టనక్కర్లేదు. తల తిప్పి నా వైపు చూసింది. నేను తెర వైపు చూశాను.

డాక్టరమ్మ గారు వంగి, "నొప్పి ఉందా అమ్మా?" అని తెలుగులో అడిగారు.

ఒక్క మాట చాలు ఆమెకు. ఉందంటే నా చీరాల అక్కడితో సరి. పెద్దమ్మ నా మీంచి చూపు తీయకుండా, బిగబట్టిన ఊపిరితోనే, "లేదమ్మా. పిల్ల మెత్తగా చేస్తుంది. మంచి చెయ్యి" అంది.

అప్పటికి కూడా నేను వదలమని చెప్పలేదు.

సాయంత్రం రైల్లో ఆమె నన్ను పొడవలేదు. ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పొయ్యి ముందు కూర్చుంది. "ఫ్రెండంటే అదన్నమాట" అంది. కాసేపటికి, "మంచి సంబంధమే" అంది. అంతే. నాకు అన్నం పెట్టింది. తిన్నాను. అదీ చెప్పాలి. ఆకలేసింది, తిన్నాను. మర్నాడు డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి నొప్పి సంగతి మొత్తం చెప్పాను. ఆయన నిజంగా అదిరిపడ్డారు. "ఒకే ఇంట్లో ఉంటున్నావు, నెలల తరబడి నొప్పి చూస్తూ నాకు చెప్పవా? ఏం మనిషివమ్మా నువ్వు?" అన్నారు. ఆయన నన్ను తిట్టిన తిట్లన్నిటిలో జవాబు చెప్పుకోలేనిది అదొక్కటే. అదైనా గోడ అవతలికి వినబడకుండా మెల్లగా అన్నారు.

పెద్దాసుపత్రిలో చేర్పించారు. అప్పటికే లోపల చీము పట్టింది, కళ్ళు పసుపు ముద్దలయ్యాయి. కోసి తీశారు. కానీ విషం ఒళ్ళంతా పాకింది. నేను బార్లీ నీళ్ళు పట్టుకుని వెళ్ళాను. ఆమె ఆ గ్లాసు వైపు కూడా చూడలేదు.

"ఏం లేదన్నావుగా" అంది.

నేను ఏడ్చాను. ఏడుపు చూస్తే ఆమెకు ఎప్పుడూ చిరాకే.

"నీ చెయ్యి రోజూ ఒకేచోట ఆగేది. నేను మొద్దునా? చెబుతావని చూశా. చూసీ చూసీ అడిగా. అడిగితే మిరపకాయన్నావు." ఆయాసం ఆపుకుంది. "చీరాల ఎప్పుడు పోతున్నావు?"

"నేను పోను పెద్దమ్మా. ఈ పనే వద్దు నాకు."

"పోవే. పోకపోతే నా పరగడుపులన్నీ ఏ గంగలో కలిసినట్టు?" అని గోడ వైపు తిరిగింది. అది దీవెనో శాపమో అప్పుడు తెలియలేదు. ఇప్పుడూ తెలియదు. మూడో రోజు పోయింది. ఆమె తరఫు బంధువు ఒకాయన వచ్చి ఇంటి తాళం తీసుకున్నాడు. నా ట్రంకుపెట్టె వసారాలో పెట్టి ఉంది, దాని మీద నా పుస్తకం. కారేజీ బోర్లించి ఆరబెట్టి ఉంది.

చీరాల వెళ్ళాను. మంచి చెయ్యి అని పేరు తెచ్చుకున్నాను. ఎక్కువకాలం పరగడుపున ఉంటే పైత్యరసం గడ్డకట్టి రాళ్ళకు బలం చేకూరుతుందని చాలా ఏళ్ళకు ఒక పుస్తకంలో చదివాను. ఆ రాయిని చూడటానికి ఆమెను పస్తుపెట్టి, ఆ పస్తుతోనే దాన్ని పెంచామేమో. కొన్ని పుస్తకాలు చదవకపోతేనే మంచిది. ఆ వాక్యం కింద మాత్రం గీత గీయలేదు. ఎన్ని వేల కడుపులు చూశానో తెలియదు. పరగడుపున కూర్చున్నవాళ్ళను మాత్రం ఒక్క నిమిషం కూడా ఎక్కువ కూర్చోబెట్టలేదు. అది మంచితనమని చుట్టుపక్కలవాళ్ళు అనుకునేవాళ్ళు. నేను కాదనలేదు. చెప్పాల్సినప్పుడు చెప్పకపోవడం నాకు అలవాటైన విద్యేగా.

ల్యాబులో అమ్మాయి జెల్లు వెచ్చగా చేసి రాసింది. ఇప్పుడు పడుకున్నవాళ్ళకు కూడా కనబడేట్టు గోడకు ఇంకో తెర పెడుతున్నారు. మిషన్ చిన్నదైంది, బొమ్మ పెద్దదైంది, పరగడుపు కూడా గంటల్లో కొలిచి చెబుతున్నారు. "ఊపిరి తీసుకోండి ఆంటీ. బిగబట్టండి" అంది. దాని చెయ్యి ఒకచోట ఆగింది. నేను కళ్ళు మూసుకున్నాను. "ఆంటీ, గాల్ బ్లాడర్‌లో స్టోన్ ఉంది. అదిగో, తెల్లగా. కంగారేం లేదు, డాక్టరు గారితో మాట్లాడండి" అంది, పక్కింటి పిల్ల పాలవాడొచ్చాడని చెప్పినట్టు. అంతే. చెప్పడానికి దానికి పట్టిన వ్యవధి అంతే. నేను నెలల తరబడి నోట్లో పెట్టుకుని తిరిగిన మాట అంత చిన్నది.

ఆ అమ్మాయి అటు తిరిగి కంప్యూటర్లో రిపోర్టు కొట్టడం మొదలుపెట్టింది. వదలండి ఆంటీ అనడం మరిచిపోయింది. నేను గుర్తుచేయలేదు. బిగబట్టుకునే ఉన్నాను, తెర మీది ఆ తెల్లటి గింజను చూస్తూ. అరవై దాటినదాన్ని. పెద్దమ్మ బిగబట్టినంతసేపు బిగబట్టలేకపోయాను.